లౌడన్ కౌంటీ పడమట పొలం కొని ఇల్లు కట్టుకోవడం: నా అనుభవం

కౌంటీ తూర్పున ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్ వైపు మనవాళ్ళింట్లో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఈ ప్రశ్న తప్పడం లేదు: "వెస్ట్‌లో ఎకరాలు కొన్నారటగా, ఎలా చేశారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. రియల్ ఎస్టేట్ సలహా అనుకోకండి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో మేము పడ్డ తిప్పలు, వాటి వెనక ఉన్న రూల్సు, అంతే.

2000 జనాభా లెక్కల్లో ఈ కౌంటీలో ఉన్నది 1,69,599 మంది. 2020కి 4,20,959 అయ్యారు. ఇంతమంది వచ్చిపడినా కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్ దాటి పడమటికి వెళ్తే ఇప్పటికీ గడ్డి పొలాలు, గుర్రాలు, వైనరీలు, కంకర రోడ్లే. ఇదంతా దానంతటదే మిగల్లేదు, పట్టుబట్టి మిగిల్చారు. 2019లో ఆమోదించిన కౌంటీ ప్లాన్‌లో తూర్పు వైపు సబర్బన్, మధ్యలో ట్రాన్సిషన్, పడమరంతా రూరల్ పాలసీ ఏరియా, అంటే పల్లెగానే ఉంచాలనుకున్న ప్రాంతం. చిన్న టౌన్లూ కొన్ని పాత పల్లెలూ తప్పిస్తే రూరల్‌లో మంచినీళ్ళ పైపూ ఉండదు, మురుగు పైపూ ఉండదు. పైపు లేని చోటికి పెద్ద బిల్డర్లు అంత తేలిగ్గా రారు. డేటా సెంటర్లు చాలావరకు తూర్పునే కట్టారు, 2022 నవంబరులో మెట్రో రైలు కూడా ఆష్‌బర్న్ దాకా వచ్చి ఆగిపోయింది.

పైపు సంగతి అటుంచితే, ఎకరాల లెక్క ఇంకోటి ఉంది. ఉత్తరాన ఉన్న ఏఆర్-1 అనే వ్యవసాయ జోన్‌లో మామూలుగా 20 ఎకరాలకు ఒక ఇల్లు, దక్షిణాన ఏఆర్-2లో 40 ఎకరాలకు ఒకటి. ఇళ్ళన్నీ ఒక మూలకు చేర్చి మిగతాది ఖాళీగా ఉంచే క్లస్టర్ పద్ధతిలో అయితే ఏఆర్-1లో 5 ఎకరాలకు ఒకటి చొప్పున, ఏఆర్-2లో 15 ఎకరాలకు ఒకటి చొప్పున ఇస్తారు. మరి పక్కనే 3 ఎకరాల ప్లాట్లు ఎలా ఉన్నాయని చాలామంది అడుగుతారు. దానికో కథ ఉంది. 2003లో కౌంటీ పడమటి వైపు నిబంధనలు బాగా బిగించింది. 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. నిబంధనలు తప్పని కాదు, ముందుగా పత్రికలో ఇవ్వాల్సిన ప్రకటన సరిగా ఇవ్వలేదని! దాంతో 3 ఎకరాలకు ఒక ఇల్లు అనే పాత లెక్క తిరిగొచ్చింది. 2006 చివర్లో మళ్ళీ బిగించేదాకా ఆ సందు తెరిచే ఉంది. ఒక ప్రకటనలో నాలుగు వాక్యాలు సరిగ్గా పడి ఉంటే ఈ కొండల రూపే వేరుగా ఉండేదేమో.

మా ప్లాన్ పెద్దదేం కాదు. నేనూ మా తోడల్లుడూ కలిసి ఓ 20 ఎకరాలు కొని, చెరో ఇల్లు కట్టుకుని, మధ్యలో కూరగాయలు పెట్టుకోవాలని. మాకు చూపించిన మొదటి పొలం ఎకరం ధర చూస్తే నమ్మశక్యం కానంత తక్కువ. ఏజెంటును అడిగితే "రెండు ముక్కలు చేసుకోవచ్చు, నో ప్రాబ్లం" అన్నాడు. మా తోడల్లుడు అడ్వాన్స్ చెక్కు రాయడానికి కూడా రెడీ. "అన్నయ్యా, ఒక్క వారం ఆగుదాం, రికార్డులు చూశాక ఇద్దాం" అని నేనే ఆపాను.

కౌంటీ వాళ్ళ మ్యాప్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. పార్సిల్ నంబరు (ఆ స్థలం నంబరు) కొడితే జోనింగ్ (అక్కడ ఏం కట్టొచ్చనే నిబంధన), ఎకరాలు, వరద ముంపు హద్దు, ఏటవాలు నేల అన్నీ వస్తాయి. కానీ అసలు సంగతి అందులో దొరకలేదు, రికార్డయిన సర్వే పటం (ప్లాట్ అంటారు) కాపీ తెప్పిస్తే దొరికింది. ఒక మూల చీమతలకాయంత అక్షరాల్లో నోట్ ఉంది: ఇది రూరల్ ఎకానమీ లాట్, ఇక ముందు విభజించడానికి వీల్లేదు. అంటే ఏనాడో పెద్ద పొలాన్ని క్లస్టర్‌గా విడగొట్టినప్పుడు ఇళ్ళ లెక్కంతా చిన్న ప్లాట్లు తీసేసుకోగా, సాగు కోసం వదిలిన పెద్ద ముక్క అది. దాని మీద ఒక ఇల్లు కట్టుకోవచ్చు, రెండో ప్లాట్ మాత్రం జన్మలో రాదు. ధర ఎందుకు తక్కువో అప్పుడు బోధపడింది. ఇక్కడ ఎకరాలు వేరు, ఇంటి హక్కు వేరు. ఎకరాలు కళ్ళకు కనిపిస్తాయి, హక్కు మాత్రం మనకంటే ముందున్న ఓనరు ఎప్పుడో వాడేసుకుని ఉండొచ్చు.

దాంతో తోడల్లుడు తప్పుకున్నాడు. ఆయన లీస్‌బర్గ్‌లో టౌన్‌హౌస్ తీసుకుని హాయిగా ఉన్నాడు. మేము ఇంకా చిన్నది, పది ఎకరాల చిల్లర ముక్క, పట్టుకున్నాం. మట్టి పరీక్ష పాసయితేనే కొంటామని కాంట్రాక్టులో షరతు పెట్టాం. నా మట్టుకు ఈ మొత్తం తతంగంలో అదే గుండెకాయ.

డ్రైనేజీ పైపు లేదు కాబట్టి ఇంటి మురుగంతా సెప్టిక్ ట్యాంకులోకి, అక్కడి నుంచి డ్రెయిన్‌ఫీల్డ్‌లోకి, అంటే ఆ నీటిని ఇంకించడానికి వదిలిన చెక్కలోకి, పోయి నేలలో ఇంకాలి. ఇంకుతుందో లేదో తేల్చేది లైసెన్సున్న సాయిల్ ఎవాల్యుయేటర్. ఆయన వచ్చిన రోజు మా మావయ్య గారు కూడా ఇక్కడే ఉన్నారు. తెనాలి దగ్గర జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ఎవాల్యుయేటర్ చేతి బరమా దించి, అడుగడుక్కీ మట్టి పైకి తీసి, టార్పాలిన్ మీద వరసగా పేరుస్తున్నాడు. చిటికెడు తీసి నీళ్ళు చల్లి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీస్తాడు. ఎంత పొడుగు సాగితే అంత బంక. తర్వాత రంగుల పుస్తకం తెరిచి పక్కన పెట్టి చూస్తాడు. ఎర్రగా, గోధుమరంగులో ఉంటే నీరు దిగుతున్నట్టు. బూడిదరంగు మచ్చలు కనపడితే ఏడాదిలో కొన్నాళ్ళు అక్కడ నీరు నిలుస్తున్నట్టు.

ఇల్లు ఎక్కడ కట్టాలని మేము అనుకున్నామో, ఆ గట్టు మీద రెండడుగుల లోపే బూడిదరంగు తేలింది. మావయ్య గారు కూడా ఆ ముద్ద తీసుకుని వేళ్ళతో నలిపి చూసి, "బాబూ, ఇది జిగట నేల. నీళ్ళు తాగదు, వరి పెట్టుకోవచ్చు" అన్నారు. ఎవాల్యుయేటర్‌కి ఆ మాట తర్జుమా చేసి చెప్తే పడీపడీ నవ్వాడు. చివరికి రోడ్డు పక్కన చదునుగా ఉన్న చెక్కలో మంచి ఎర్రమట్టి దొరికింది. మేము కూరగాయలకని మనసులో ఉంచుకున్న చెక్క అదే.

పడకగదుల లెక్క కూడా అక్కడే తేలింది. వర్జీనియాలో ఒక్కో బెడ్‌రూముకు రోజుకు 150 గ్యాలన్ల మురుగు అని లెక్కగడతారు. ఆ మట్టి ఎంత తాగగలదో దాన్ని బట్టి బెడ్‌రూములు. డ్రెయిన్‌ఫీల్డ్ ఎప్పుడైనా పాడైతే వాడుకోవడానికి మరో రిజర్వు స్థలం కూడా చూపించాలి. మా ఆవిడ ఐదు గదులకు గీసుకున్న ప్లాన్ నాలుగుకు దిగింది. బ్యాంకు లోను ఎంతిస్తుందో అడిగాం కానీ నేల ఎంతిస్తుందో అడగలేదని వారం రోజులు సణిగింది. మిగతావి ఫరవాలేదు. బోరు వేసి నీళ్ళు పడ్డాయని తేలాకే మాకు ఇంటి పర్మిట్ ఇచ్చారు. ఆ కొన్నాళ్ళ టెన్షన్ మన పల్లెల్లో బోర్లు వేయించినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

పన్ను సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను. కనీసం 5 ఎకరాలు నిజంగా సాగులో ఉంటే, మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వేస్తారు. తేడా భారీగానే ఉంటుంది. ఇంటి కింద పోయే స్థలాన్ని మాత్రం అందులోంచి తీసేస్తారు. సాగు వాడకం మార్చిన భాగానికి ఆ ఏడాదితో పాటు వెనక ఐదేళ్ళ తేడా కూడా వడ్డీతో కట్టించుకుంటారు. మేము ఇంటి స్థలం మేర ఆ తేడా చెల్లించాం. మిగతా గడ్డి పక్క పొలం ఆవిడ ట్రాక్టర్‌తో వచ్చి కోసుకుపోతుంది. రూపాయి ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు, ఆమెకు గడ్డి, మాకు పన్ను తగ్గింపు.

ఆవిడకు డెబ్బై దాటాయి. వంద ఎకరాల పైన ఉంది, పిల్లలెవరూ వ్యవసాయంలోకి రాలేదు. అంచేత క్లస్టర్‌గా విడగొట్టి అమ్మాలని చూస్తోంది. ఈ వీధిలో కొందరు దాని మీద పిటిషన్ పెడదామని నా దగ్గరికీ వచ్చారు. నేను సంతకం పెట్టలేదు. మొన్నే వచ్చిన వాళ్ళం, వెంటనే తలుపు వేసేయడానికి మనసొప్పలేదు. పైగా అది బై-రైట్, అంటే నిబంధనల ప్రకారం ఉంటే సిబ్బంది ఆమోదించాల్సిందే, పబ్లిక్ హియరింగ్ కూడా ఉండదు. పిటిషన్ ఎవరికని ఇస్తారు?

హియరింగ్ ఉండేది నిబంధనలు మార్చేటప్పుడు. 2023 డిసెంబరులో కొత్త జోనింగ్ ఆర్డినెన్స్ ఆమోదించాక, మంచి సాగునేలలో క్లస్టర్లు ఎలా వేయాలన్నది విడిగా చర్చకు తెచ్చారు. లీస్‌బర్గ్‌లో తొమ్మిది మంది సూపర్‌వైజర్ల (కౌంటీని నడిపే ఎన్నికైన బోర్డు) ముందు పేరు పిలిస్తే వెళ్ళి కొద్ది నిమిషాలు మాట్లాడాలి. వాళ్ళు వింటారు, బదులు చెప్పరు. మంచి నేల పోతే మళ్ళీ రాదని కొందరు, ఈ పొలమే మా పెన్షన్ అని రైతులు. రెండూ నిజమే అనిపించింది.

నా వంతు వచ్చినప్పుడు మట్టి గురించే చెప్పాను. ఇళ్ళు పనికిరాని నేలలో కట్టి మంచి నేలను సాగుకు వదలాలని అందరూ అంటున్నారు, బాగానే ఉంది. కానీ పంటకు పనికొచ్చే నేలే డ్రెయిన్‌ఫీల్డ్‌కీ పనికొస్తుంది, జిగట నేల రెంటికీ పనికిరాదు. మా టమాటాలు పండాల్సిన చోట ఇవాళ మా సెప్టిక్ ఉంది. ఇళ్ళను చెడ్డ నేలకు నెట్టాలంటే, అక్కడ నడిచే ఖరీదైన ట్రీట్‌మెంట్ సిస్టమ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా అదే కాగితంలో రాయండి అన్నాను. టైమ్ అయిపోయిందని లైటు వెలిగింది.

బయటికొస్తుంటే పక్క పొలం ఆవిడ పార్కింగ్‌లో ఆపింది. నేను ఆమెకు అనుకూలంగా మాట్లాడానో వ్యతిరేకంగా మాట్లాడానో అర్థం కాలేదంది. నాకూ పూర్తిగా తెలియదన్నాను. సరేలే అని, మా మట్టి చూసినతని ఫోన్ నంబరు అడిగి రాసుకుంది.