నాయిన పోయాక అమ్మ పేరు మీద రైతు భరోసా, పీఎం కిసాన్: నా అనుభవం

పట్టా మారితే పైసలు వాటంతటవే పడ్తయ్ అని ఊళ్ళో అందరూ చెప్తరు, అది సగమే నిజం. నాయిన చనిపోయాక వారసులందరం తహసీల్దార్ ఆఫీసుకి పోయి, అమ్మ పేరు మీద చేస్తే మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టి విరాసత్ (చనిపోయినోళ్ళ పట్టా వారసుల పేరు మీదికి మార్చుడు) చేయించినం, కొత్త పాస్‌బుక్ వచ్చింది. అది, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు రైతు వేదికలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్‌కి ఇచ్చినం, తర్వాతి సీజన్‌లో ఎకరానికి 6000 లెక్కన మన తెలంగాణ సర్కారు ఇచ్చే రైతు భరోసా పడ్డది. ఇందులో పెద్ద ఇబ్బంది ఏం లేదు.

అసలు తిప్పలు పీఎం కిసాన్‌తోనే. ఇది కేంద్రం ఇచ్చేది, ఏడాదికి 6000, మూడు విడతల్లో. నాయిన పేరు తీసేసి అమ్మ పేరు ఎక్కించడం అంటూ ఉండదు, అమ్మకి కొత్తగా అప్లై చేయాల్సిందే. నెట్ సెంటర్‌లో అడిగితే 2019 ఫిబ్రవరి 1 తర్వాత పట్టా అయినోళ్ళకి రాదమ్మా అని చెప్పి పంపిచ్చిండ్రు. ఆ తేదీ రూల్ ఉన్న మాట నిజమే, కానీ అది కొనుక్కున్న భూమికి, యజమాని చనిపోయి వారసులకి వచ్చిన భూమికి వర్తించదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది వెనక్కి పోతున్నరో అనిపించి నాకు చాలా బాధేసింది. ఫారంలో భూమి ఎట్లా వచ్చిందో అడిగిన కాడ వారసత్వం అని పెట్టండి, డెత్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. ఇప్పుడు కొత్తోళ్ళకి 11 అంకెల ఫార్మర్ ఐడీ (రైతు గుర్తింపు నంబర్) కూడా అడుగుతున్నరు, అది ముందే చేయించుకోవాలె.

అప్రూవ్ అయినా పైసలు రాకపోతే పీఎం కిసాన్ స్టేటస్‌లో మూడు చూడండి: ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు లింక్ అయినయా), ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని గుర్తించుడు), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (ఆధార్ బ్యాంక్‌కి లింక్ అయిందా). మూడూ యెస్ ఉండాలె. ల్యాండ్ నో ఉంటే వ్యవసాయ శాఖ దగ్గరికి పోవాలె, ఆధార్ నో ఉంటే బ్యాంక్‌కి. అమ్మకి ఈకేవైసీ కాడ ఆగింది, ఏండ్ల తరబడి కలుపు తీసి తీసి వేలిముద్రలు అరిగిపోయినయ్, మెషీన్ తీసుకోలే. 2023 నుంచి పీఎం కిసాన్ యాప్‌లో మొహం చూపించి చేసుకునే పద్ధతి ఉంది, ఇంట్లనే కూసోబెట్టి నా ఫోన్‌లో చేసిన, అయిపోయింది. ఇంకోటి, పైసలు ఫారంలో రాసిన అకౌంట్‌కే పడ్తయ్ అనుకోవద్దు, అన్నిటికన్నా ఆఖర్న ఏ బ్యాంక్‌లో ఆధార్ డీబీటీకి (సర్కారు పైసలు నేరుగా అకౌంట్‌లో పడుటానికి) లింక్ చేస్తే అందులో పడ్తయ్. అమ్మది ఉపాధి హామీ కోసం తీసిన పాత అకౌంట్‌లో పడ్డది, మేము ఇంకో బ్యాంక్‌లో చూసుకుంటున్నం.

ఇదంతా పట్టా ఉన్నోళ్ళ సంగతి. మా పక్క చెలకలో పత్తి పెట్టేటాయన కౌలు రైతు, విత్తనం, మందు, కూలీ అన్నీ ఆయన అప్పు తెచ్చి పెడ్తడు, ఈ రెండిట్ల ఒక్కటి కూడా ఆయనకి రాదు, భూమి ఉన్నాయనకే పోతది. ఇది మారాలె అని నేను గట్టిగనే అంటా.