రెండు సీట్లా, నాలుగు సీట్లా: మా మొదటి విమానం

ప్రాక్టీసుకు రెండు సీట్ల సెస్నా 152, వారాంతపు ట్రిప్పులకు నాలుగు సీట్ల సెస్నా 172. బెంగళూరులో ఎవరిని అడిగినా ఇదే మాట. మేము ముగ్గురు స్నేహితులం కలిసి కొనేది ఒక్కటే, రెండు పనులూ దాంతోనే జరగాలి.

ముందు 152 వైపే మొగ్గాం. ధర తక్కువ, తాగేదీ తక్కువే, గంటకు ఇరవై మూడు లీటర్ల లెక్క. మాకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ సార్ కాగితం, పెన్ను తీసుకోమన్నారు. గరిష్ఠ బరువు 757 కిలోలు. మేం చూసిన విమానం ఖాళీగానే 520. ట్యాంకులు నింపితే వాడుకోదగ్గ ఇంధనం 93 లీటర్లు, అంటే 67 కిలోలు. మిగిలింది 170. నేను 84, మా వాడు 80. "ఇక మీ టిఫిన్ డబ్బాలు పడతాయి" అన్నారు సార్.

దానికి తోడు ఎండ. బెంగళూరు ఎత్తు సుమారు 3,000 అడుగులు. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే గాలి పలచబడి, నేల మీదున్న విమానం కూడా 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. అప్పుడు 110 హార్స్‌పవర్ ఇంజిన్ 90 ఇస్తే గొప్ప. చెన్నైలో హాయిగా లేచేది ఇక్కడ ఆయాసపడుతుంది. 160 హార్స్‌పవర్ 172కే ఓటేశాం.

చెన్నై వైపు ఒకటి అమ్మకానికొచ్చింది. ఓవర్‌హాల్ (ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడం) తర్వాత 300 గంటలే తిరిగింది, 2,000 దాకా ఢోకా లేదని సంబరపడ్డాం. మాతో వచ్చిన ఇంజినీరు గారిది ప్రొద్దుటూరు. లాగ్‌బుక్ తిరగేసి, "గంటలు చూసి మురిసిపోవద్దు బాబూ, ఏళ్లు చూడండి" అన్నారు. ఈ లైకమింగ్ కంపెనీ ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే కడ్డీ, పైన ఉంటుంది. నెలల తరబడి తిప్పకపోతే ఆయిల్ కిందికి జారిపోయి తుప్పు పడుతుంది. పైగా సముద్రపు గాలి. సీటు కింద ప్యానెల్ విప్పి, టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూపించారు. పెయింటు బుడగలు, గోటితో గీకితే తెల్లటి పొడి. అల్యూమినియం తుప్పు తెల్లగానే ఉంటుంది మరి. బేరం అక్కడితో సరి.

చివరికి తీసుకున్నది దాదాపు రోజూ ఎగిరిన 172. గంటలు ఎక్కువే, కానీ సిలిండర్లు గాలి ఒత్తిడిని ఎంత నిలుపుతాయో చూసే కంప్రెషన్ పరీక్షలో అన్నీ 80కి 74 పైనే చూపించాయి. రాబోయే ఓవర్‌హాల్ ఖర్చును ధరలో తగ్గించమన్నాం, తగ్గించారు. బీమా, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏలో పేరు మార్పు... ఓపిక ఉంటే అయ్యే పనులే. నిజమైన టెన్షన్ అవ్‌గ్యాస్‌తోనే, అంటే ఇలాంటి చిన్న విమానాల పెట్రోలుతో. అది అన్నిచోట్లా దొరకదు. జెట్ ఇంధనం మన ఇంజిన్‌కు పనికిరాదు, కాబట్టి వెళ్లే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

మొదటి ట్రిప్ కడపకి, తిరుగు ప్రయాణానికీ ఇక్కడి ఇంధనమే చాలు. నాలుగో సీటు తనదేనని మా బాబాయ్ ఇప్పటికే చెప్పేశాడు. ట్యాంకులు నింపితే ముగ్గురికే బరువు సరిపోతుందని ఆయనకింకా చెప్పలేదు.