వడకట్టడం మానేసి వేటాడే ఆల్చిప్ప

ఆల్చిప్ప జాతి జీవుల్లో అధిక భాగం నీటిని లోపలికి పీల్చి, అందులోని సూక్ష్మ ఆహారాన్ని మొప్పలతో వడకట్టుకుని బతుకుతాయి. పైనుంచి రాలిపడే ఆహారం బాగా తగ్గిపోయే లోతుల్లో ఈ పద్ధతి అంతగా గిట్టుబాటు కాదు. అటువంటి చోట్ల మెత్తని బురదలో ఉండే కస్పిడేరియా అనే ఆల్చిప్ప మాంసాహారానికి మారింది.

దీనిలో మామూలు మొప్పలకు బదులు దేహానికి అడ్డంగా ఒక కండరపు తెర, ఆ తెరలో కొన్ని జతల చిన్న రంధ్రాలు ఉంటాయి. చిప్ప బురదలో కూరుకుపోయి, నీటిని పీల్చే గొట్టం కొసను మాత్రమే పైకి ఉంచి కదలకుండా కాచుకుని ఉంటుంది. కోపిపోడ్ వంటి చిన్న ప్రాణి దగ్గరలో కదిలితే, ఆ అలికిడిని గొట్టం చుట్టూ ఉన్న స్పర్శకాలు పసిగడతాయి. వెంటనే గొట్టం అటువైపు చాచుకోవడం, రంధ్రాలు మూసుకుని తెర ఒక్క ఊపున పైకి లేవడం, తెర కింద ఏర్పడిన ఖాళీలోకి నీటితో పాటు ఆ ప్రాణి కూడా కొట్టుకురావడం జరిగిపోతాయి. గట్టి పొర కప్పిన కండర జీర్ణాశయం దాన్ని నలిపేస్తుంది. ఈ అవయవాల పనితీరును బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త సి. ఎం. యంగ్ 1928లోనే వివరించారు. దీని బంధువైన పొరోమియాది మరో ఎత్తు: అది తన వెడల్పాటి గొట్టాన్ని ఎర మీద కప్పేసి పట్టుకుంటుంది.

ఇక గుర్తింపు విషయానికి వస్తే, కస్పిడేరియా చిప్ప చిన్నది, పలుచనిది. గొట్టాలను ఇముడ్చుకున్న వెనుక భాగం గరిటె కాడలా, ముక్కులా సాగి ఉంటుంది. అయితే ఆ ముక్కును చూసి నిర్ధారణకు రావడం తొందరపాటేనని నా అభిప్రాయం. బురదలోని ఆహారాన్నే ఏరుకుని తినే నుకులానా అనే మరో ఆల్చిప్పకూ అటువంటి ముక్కే ఉంటుంది. పైగా వలలో పడి పైకి వచ్చేసరికి కస్పిడేరియా ముక్కు తరచుగా విరిగిపోతుంది. అందువల్ల చిప్ప తెరిచి కీలు చూడాలి. నుకులానా కీలు పొడవునా సన్నని పళ్ల వరుస కనిపిస్తుంది, కస్పిడేరియాకు ఆ వరుస ఉండదు. కుడి చిప్పలో వెనుక వైపు ఒక పక్క పన్ను మాత్రం ఉంటుంది. చిప్ప శిఖరం (కీలు దగ్గరి ఉబ్బెత్తు కొన) నుంచి అంచుకు ఉబ్బెత్తు గీతలు స్పష్టంగా పరచుకుని ఉంటే అది కార్డియోమియా అనే మరో బంధువు కావచ్చు. పొడవాటి ముక్కు లేకుండా, పైభాగం గరుకుగా, లోపల ముత్యపు మెరుపుతో ఉంటే పొరోమియాను పరిశీలించాలి.