ముత్యాల దీవిలో జమ్మి నీడ

బహ్రెయిన్ వెళ్తున్నామని చెబితే మా నిజామాబాద్‌లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "అక్కడ చూడడానికి ఏముంటుంది?" గల్ఫ్ అనగానే మా జిల్లాల్లో గుర్తొచ్చేవి వీసా, ఏజెంటు, అప్పు, నెలనెలా వచ్చే డబ్బు. మా తమ్ముడు అక్కడ నిర్మాణ పనుల్లో సూపర్‌వైజరు. వాడి దగ్గరికి నేనూ మావారూ డిసెంబరులో వెళ్ళాం. చూడవలసింది ఎంత ఉందో, మనవాళ్ళలో ఎంతమంది అది చూడకుండానే ఏళ్ళు గడిపి తిరిగి వస్తున్నారో అక్కడ తిరిగాకే తెలిసింది.

దేశం చాలా చిన్నది. దీవులన్నీ కలిపినా దాదాపు 780 చదరపు కిలోమీటర్లు. జనాభా పదిహేను లక్షలకు అటూ ఇటూ, అందులో సగానికి పైగా బయటి దేశాల వాళ్ళే. రాజధాని మనామా అయినా విమానం దిగేది పక్కనున్న ముహర్రక్ దీవిలో. వచ్చినవాళ్ళు చాలామంది వంతెన దాటి తిన్నగా అద్దాల మేడల వైపు వెళ్ళిపోతారు. తమ్ముడు మాత్రం మర్నాడు పొద్దున్నే మమ్మల్ని ముహర్రక్ పాత సందుల్లోకి తీసుకువెళ్ళాడు. ఆ దేశాన్ని చూడడం అక్కడ మొదలుపెట్టడమే మంచిదని ఇప్పుడు ఎవరికైనా చెబుతాను.

ఈ దేశం శతాబ్దాల పాటు ముత్యాల మీద బతికింది. ఆ బతుకును చూపించే దారి ముహర్రక్‌లో సముద్రపు ఒడ్డున బూ మాహిర్ కోట దగ్గర మొదలై మూడున్నర కిలోమీటర్ల మేర ఊళ్ళోకి సాగుతుంది. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పగడపు రాయి పేర్చి, సున్నం పూసి కట్టిన ఇళ్ళు. ఒకటి వర్తకుడిది, ఒకటి పడవ యజమానిది, ఒకటి సముద్రంలో మునిగే కూలీది. వర్తకుడి చావడి పైకప్పుకు రంగులు, నగిషీలు ఉన్నాయి. కూలీ ఇంట్లో చిన్న వాకిలి, దాని చుట్టూ ఇరుకు గదులు. దారి పొడవునా దీపస్తంభాలకు ముత్యాల్లాంటి తెల్లని గుండ్రని దీపాలు అమర్చారు. రాత్రి పూట ఆ వెలుగులో నడవడం చాలా బాగుంటుంది.

వేసవి నాలుగు నెలలూ పడవలు సముద్రం మీదే ఉండేవట. ముక్కుకు చిన్న పట్టకారు బిగించి, కాలికి రాయి కట్టుకుని కూలీ మునిగేవాడు. పైనున్న మనిషి తాడు పట్టుకుని కాచుకునేవాడు. ఊపిరి బిగబట్టిన ఆ కాస్త సేపట్లో చేతికందినన్ని ఆల్చిప్పలు ఏరుకోవాలి, తాడు గుంజాలి, పైకి రావాలి. రోజంతా అదే పని. పడవలో పాటగాడు ఒకడు ఉండేవాడు, అలసిన వాళ్ళ ప్రాణానికి ఊతంగా. ఆ పాటలను ఫిజిరి అంటారు. నేను రికార్డులో విన్నాను. కింది స్వరంలో సాగే ఆ మూలుగు లాంటి గానం విని చాలాసేపు మాట్లాడలేకపోయాను.

నన్ను ఎక్కువగా కదిలించింది అప్పు సంగతి. పడవ నడిపే నఖోదా సీజనుకు ముందే కూలీకి బయానా ఇచ్చేవాడు. ఆ డబ్బు ఇంట్లో వాళ్ళ తిండికి సరిపోయేది. సీజను ముగిశాక లెక్క చూస్తే బాకీ మిగిలేది, మళ్ళీ అదే పడవ ఎక్కక తప్పేది కాదు. తండ్రి పోతే బాకీ కొడుకు మీద పడేది. ఈ దోపిడీని తగ్గించడానికి 1920లలో అక్కడ చట్టాలు తెచ్చారు. ఆ తర్వాత జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి వ్యాపారాన్నే కూల్చాయి. ఏజెంటుకు కట్టిన వడ్డీ డబ్బు తీరడానికే ఏళ్ళు పట్టిన వాళ్ళను మా వీధిలోనే చూసినదాన్ని. ఆ కూలీ ఇంట్లో నిలబడితే నాకు పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించలేదు.

ఆ ముత్యాలు ఎక్కువగా బొంబాయి రేవుకు చేరేవి. బస్రా ముత్యాలని మన హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకునేవి ఈ గల్ఫ్ ముత్యాలే. పెంపకపు ముత్యాల అమ్మకానికి బహ్రెయిన్‌లో అనుమతి లేదు. కొంటే సహజంగా పుట్టిన ముత్యమే కొనాలి. మేము ధర అడిగి దండం పెట్టి వచ్చేశాం. డబ్బు విషయంలోనూ మనతో పాత బంధమే: 1965లో సొంత దీనారు వచ్చేదాకా అక్కడ చెల్లింది రూపాయే. భారత రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. దీనారును పది రూపాయల లెక్కన మొదలుపెట్టారు. ఇప్పుడది రెండు వందలు దాటింది.

ఉత్తరపు ఒడ్డున బహ్రెయిన్ కోట ఉంది. పైన కనిపించేది పోర్చుగీసు కాలపు కోట, కింది దిబ్బంతా నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ఊళ్ళ పొరలు. దిల్మున్ అనే ప్రాచీన రాజ్యానికి కేంద్రం ఇదే. సింధు నాగరికతలో వాడిన తూకపు రాళ్ళు ఇక్కడి తవ్వకాల్లో దొరికాయి. అంటే మన ఉపఖండపు వర్తకులు ఈ రేవులో తూకం వేసి సరుకు అమ్మిన రోజులున్నాయి. పక్కనే మ్యూజియంలో పాము అస్థికలున్న మట్టి గిన్నెలు చూశాం. పామును గిన్నెలో పెట్టి, వెంట చిన్న పూస ఉంచి, ఇంటి నేల కింద పూడ్చేవారట. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే నాకు ఆ అద్దాల పెట్టె ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

పెద్ద మసీదు అల్ ఫాతిహ్‌ను మావారు ఎంతో మెచ్చుకున్నారు. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది, ఏ మతం వాళ్ళనైనా ఆదరంగా లోపలికి తీసుకువెళ్ళి చూపిస్తారు. సౌదీకి వెళ్ళే పాతిక కిలోమీటర్ల సముద్రపు వంతెన మీద సగం దాకా వెళ్ళి వచ్చాం.

అన్నిటికంటే నేను ఎదురుచూసింది దక్షిణాన ఇసుక మైదానంలో ఉన్న 'జీవవృక్షం' కోసం. మనామా నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు. దారిలో జబల్ దుఖాన్ గుట్ట, చమురు పంపులు, పైపులైన్లు. గల్ఫ్‌కు అరబ్బుల వైపున మొట్టమొదట చమురు పడిన బావి ఈ గుట్ట దగ్గరిదే, 1932లో. ఆ పైపులన్నీ దాటాక, ఇంకో పచ్చని మొక్క కనిపించని చోట ఒక్క చెట్టు. నాలుగు వందల ఏళ్ళ నాటిదంటారు. కొమ్మలు నేలను తాకేంత కిందికి వంగి పరచుకున్నాయి. దగ్గరికి వెళ్ళి ఆకు చూడగానే గుర్తుపట్టాను: జమ్మి! సన్నని ఈనెకు రెండు వరసల చిన్న ఆకులు, కొమ్మకు పొట్టి ముళ్ళు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు, మా తెలంగాణ రాష్ట్ర వృక్షం. లోతుగా వేళ్ళు దింపి నీరు వెతుక్కోవడం జమ్మి స్వభావం కాబట్టే అంత ఎండలో నిలిచింది. చెప్పులు విడిచి ప్రదక్షిణం చేసి, "శమీ శమయతే పాపం" అని చదువుకున్నాను. కొందరు పర్యాటకులు వింతగా చూశారు. చూడనీ అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మనామా పాత బజారుకు వెళ్ళాం. బాబ్ అల్ బహ్రెయిన్ ద్వారం వెనక సందుల్లో సింధు ప్రాంతపు భాటియా వర్తకులు కట్టించిన శ్రీనాథ్‌జీ గుడి ఉంది, రెండు వందల ఏళ్ళ నాటిది. దర్శనం చేసుకుని బయటికి వస్తే వీధుల నిండా మనుషులే. వారానికి ఒక్క సెలవు, ఆ రోజు అందరూ అక్కడికే వస్తారు. మలయాళం, బెంగాలీ, మధ్యలో జగిత్యాల, సిరిసిల్ల వైపు తెలుగు. తమ్ముడికి తెలిసిన వాళ్ళు నలుగురైదుగురు కడక్ చాయ్ తాగుతూ కనిపించారు. వాళ్ళలో యాభై ఏళ్ళ పెద్దాయన ఒకరు. చెట్టు చూసి వచ్చామని చెప్పాను.

"వచ్చి పన్నెండేళ్ళయిందమ్మా. క్యాంపు, సైటు, ఈ బజారు, అంతే. ఆ చెట్టు పేరు విన్నాను కానీ అంత దూరం టాక్సీకి డబ్బు పెట్టాలంటే మనసొప్పదు. నిజంగా మన జమ్మేనా?"

"మన జమ్మే, అన్నా. ఆకు చూశాను."

"దసరాకు ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఎండిన ఆకైనా తెమ్మని చెబుతాం. ఇక్కడే ఉందని ఎవరూ చెప్పలేదు."

తమ్ముడు నా వైపు చూశాడు. "అక్కా, వచ్చే శుక్రవారం మళ్ళీ వెళ్దామా?" అన్నాడు. నన్నూ మావారినీ తీసేస్తే వాడి కారులో నలుగురికి చోటుంటుందని, మేము ఇంట్లోనే ఉంటామని చెప్పాను. ఎవరెవరు వెళ్ళాలో చాయ్ గ్లాసులు కింద పెట్టకముందే తేల్చుకున్నారు. పెద్దాయన పేరే మొదట చెప్పారు.