క్లాసురూమ్ గాలి కోసం స్కూలు చుట్టూ తిరిగిన నా అనుభవం

మా పాపకి జలుబు తగ్గడం, నాలుగు రోజులకే మళ్ళీ రావడం, ఇదే తంతు. స్కూల్లో అడిగితే “సీజన్ కదండీ, అందరికీ ఉంది” అన్నారు. శానిటైజర్ సీసా మాత్రం ప్రతి గుమ్మం దగ్గరా ఉంది! కోవిడ్ గాలి ద్వారా కూడా సోకుతుందని డబ్ల్యూహెచ్‌ఓ 2021లోనే ఒప్పుకున్నా, చాలామంది ఇంకా చేతులు కడుక్కోవడం దగ్గరే ఆగిపోయారు.

వాదించి లాభం లేదని గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపే సీఓటూ మీటర్ ఒకటి కొన్నాను (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో సీఓటూని నేరుగా కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సర్ ఉన్నదే తీసుకోండి, చవకరకం వాటిలో కొన్ని సీఓటూని అసలు కొలవవు, ఊరికే అంచనా వేసి చూపిస్తాయి). టీచర్‌గారిని అడిగి బల్ల మీద పెట్టించాను. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళు) సీఓటూ ఉంటుంది. క్లాసులో పిల్లలు రాకముందు 500 లోపే ఉన్నది, తలుపులు మూసి పాఠం మొదలయ్యాక 1000 దాటింది, రెండో పీరియడ్ అయ్యేసరికి 2000 పైకి పోయింది. అంతమాత్రాన సీఓటూ వల్ల జలుబు వస్తుందని కాదు, పక్కవాళ్ళు వదిలిన గాలిని మనం ఎంత పీలుస్తున్నామో దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ నంబర్ల ఫొటోలు చూశాకే హెడ్మాస్టర్‌గారు కుర్చీలోంచి లేచి క్లాసుకి వచ్చారు.

వచ్చి చూస్తే వెనక కిటికీల గడియలు పెయింట్ కింద బిగుసుకుపోయి ఉన్నాయి, ఎప్పటినుంచో ఎవరూ తెరిచినట్టు లేదు. వాటిని గీకించి, ఎదురుగా తలుపు కూడా తెరిస్తే 900 లోపుకి దిగింది. పెద్ద ఖర్చేమీ కాలేదు.

కిటికీలు తెరవలేని రోజులకి గాలిలోని సన్నటి కణాలని వడకట్టే హెపా ప్యూరిఫైయర్ అడిగాం. ఇక్కడే లెక్క కావాలి. గంటకి కనీసం 5 సార్లు గాలి మారేంత శుద్ధి ఉండాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో చెప్పింది. 8 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తు ఉన్న గదిలో 144 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది, అంటే గంటకి 720 ఘనపు మీటర్లు శుభ్రం కావాలి. డబ్బా మీద రాసే సామర్థ్యం ఫుల్ స్పీడ్‌ది. ఆ మోతకి పాఠం వినపడక టీచర్ స్పీడ్ తగ్గించేస్తారు, కాబట్టి ఒక పెద్దది కాకుండా మీడియంలో తిరిగే రెండు పెట్టించాం. పెట్టాక ఒకాయన “మీటర్ తగ్గలేదు, ఇది దండగ” అని గొడవ. హెపా కణాలనే పడుతుంది, సీఓటూని కాదు బాబూ!

కంప్యూటర్ ల్యాబ్ సంగతి ఇంకా తేలలేదు. స్ప్లిట్ ఏసీ ఉంది కాబట్టి గాలి బాగానే ఉందని వాళ్ళ నమ్మకం, అదేమో లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లోపు మీటర్ అక్కడ పెట్టమని అడిగాను.