పేగుకు పడే కూరలు: మా మిద్దెతోట పురోగతి

మావారికి ఐబీఎస్ (పేగు అతిసున్నితమై కడుపునొప్పి, ఉబ్బరం తరచూ వచ్చే సమస్య) ఉందని డాక్టరు నిర్ధారించినప్పటి నుంచి, గుంటూరు బ్రాడీపేటలోని మా మిద్దెపై ఏ విత్తనం వేయాలో వంటింట్లోనే నిర్ణయమవుతోంది. ఈసారి అలసంద, కాలీఫ్లవర్ తీసేసి, ఉల్లికాడలకూ బీరకూ చోటిచ్చాను.

ఉల్లిగడ్డలోనూ వెల్లుల్లిలోనూ ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియా వల్ల పులిసి గ్యాసు పుట్టిస్తాయి. సున్నితమైన పేగు ఆ ఉబ్బరాన్నే నొప్పిగా తీసుకుంటుంది. పచ్చని కాడలో ఇవి బాగా తక్కువ. అందుకే మొలకెత్తిన ఉల్లిపాయలను ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, చివికిన పశువుల ఎరువు కలిపిన ట్రేలో మెడ పైకి కనిపించేలా పాతాను. కాడలు జానెడు ఎదిగాక, తెల్లభాగాన్ని మట్టిలోనే వదిలి, పచ్చభాగాన్ని మాత్రం కత్తెరతో కోస్తున్నాను, మళ్లీ చిగురిస్తున్నాయి. మా ఊరి ఎండకు మధ్యాహ్నం గ్రీన్‌నెట్ నీడ లేకపోతే కొసలు మాడిపోతాయి.

ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి కానీ నూనెలో కరగవు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో తాలింపు పెడుతున్నాను. అది నిల్వ ఉంచేది కాదు, ఏ పూటకాపూటే చేసుకోవాలి. చారులో వేసి ఏరేస్తే మాత్రం ప్రయోజనం ఉండదు.

బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మిద్దెపైకి తేనెటీగలు అంతగా రావు కనుక, మగపువ్వును కోసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు నేనే అద్దుతున్నాను. కోసిన ప్రతి కాయనూ చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడటం తప్పనిసరి. చేదుగా ఉంటే పారేయవలసిందే. చేదునిచ్చే కుకుర్బిటాసిన్లు ఉడికించినా పోవు, వాంతులు, విరేచనాలు తెస్తాయి.

మిరపకాయల ఊళ్లో కారం మానమని చెప్పడం తేలిక కాదు. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ ఐబీఎస్ ఉన్నవారిలో కడుపునొప్పి పెంచవచ్చు కనుక కారం తగ్గించి, అల్లం, కొత్తిమీర పెంచాను. ఆయన గొణుగుడు ఇంకా ఆగలేదు.

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఫాడ్‌మ్యాప్ (ఇలా పేగులో పులిసే పిండిపదార్థాలను తగ్గించే) పద్ధతిలో కఠిన పథ్యం 2 నుంచి 6 వారాలే. తర్వాత ఒక్కొక్క పదార్థాన్నీ తిరిగి తెచ్చి చూడాలి. ఇది ఐబీఎస్‌కు చెందిన మాట. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉధృతంగా ఉన్నవారి పథ్యం వేరు; మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా వంటతో సరిపెట్టకుండా వైద్యుణ్ని కలవాలి. మా ఇంట్లో కఠిన దశ ముగిసింది. వచ్చే వారం నానబెట్టిన నీళ్లు పారబోసి వండిన కందిపప్పు, కొద్దిగానే. అది పడితే అలసంద విత్తనాలు మళ్లీ బయటకు తీస్తాను.