వంద పూసల జపమాల

మొన్న ఉత్తరాఖండ్‌లోని మున్స్యారీ వెళ్లాం. మావాళ్లంతా పంచచూలి శిఖరాల ముందు సెల్ఫీల్లో మునిగిపోతే నా చూపంతా మిలం అనే పల్లె వైపు వెళ్లే దారి మీదే. 1860ల్లో బ్రిటిష్ సర్వే కోసం మారువేషంలో టిబెట్‌ను కొలిచిన బడిపంతులు నైన్ సింగ్ రావత్ ఊరు అది.

యూరోపియన్లను టిబెట్‌లోకి అడుగు పెట్టనివ్వని రోజులవి. బ్రిటిష్ మ్యాపుల్లో సరిహద్దు అవతలంతా దాదాపు ఖాళీ. వ్యాపారానికి అటూ ఇటూ తిరిగే భోటియాలకు (నైన్ సింగ్ లాంటి సరిహద్దు కొండజాతి వాళ్లకు) మాత్రం దారుంది. అందుకే సర్వేవాళ్లు ఈ బడిపంతులికి డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చి పంపారు.

జపమాలకు 108 పూసలుండాలి కదా, ఈయన మాలకు 100. దూరం లెక్క కోసం, వేసిన ప్రతి వంద అడుగులకో పూస జరపాలి. ఎక్కినా దిగినా అడుగు కొలత మారకూడదు! (నాకైతే అక్కడ నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం.) చేతిలో తిప్పే ప్రార్థనా చక్రంలో మంత్రాల బదులు లెక్కల చీటీలు. గవ్వల్లో పాదరసం. పెట్టె దొంగ అరలో సెక్స్‌టెంట్ (సూర్యుడు, నక్షత్రాల కోణాలు కొలిచే పరికరం). నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నాయో చూసి ఎత్తు లెక్కగట్టేవాడు. అలా 1866 జనవరిలో టిబెట్ రాజధాని లాసా చేరాడు.

1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. సరే, బాగుంది. అదే సర్వే పని మీద టిబెట్ వెళ్లిన కింతుప్ సంగతి తలుచుకుంటేనే కడుపు మండుతుంది. టిబెట్‌లోని త్సాంగ్‌పో, మన బ్రహ్మపుత్ర ఒకే నదా కాదా తేల్చమని పంపితే, తోడొచ్చిన లామా అతన్ని బానిసగా అమ్మేసి పోయాడు. ఎలాగో బయటపడి, ఇచ్చిన మాట ప్రకారం 500 దుంగలు నదిలో వదిలాడు. అవి బ్రహ్మపుత్రలో తేలితే రెండూ ఒకే నది అన్నట్టు. కానీ దిగువన అస్సాంలో కాపు కాసినవాడే లేడు. కబురు అందుకోవాల్సిన అధికారి అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయాడు.